ముందు రెక్కకెంత, వెనుక రెక్కకెంత

మామూలు విమానంలో బరువంతా మోసేది నడుమ ఉన్న పెద్ద రెక్క. తోక దగ్గరి చిన్న రెక్క ఆ మోతలో పాలు పంచుకోకపోగా, విమానాన్ని నిలకడగా ఉంచడానికి చాలా సందర్భాలలో తోకను కిందికి అదిమిపట్టి, పెద్ద రెక్క మీద మరికొంత భారం మోపుతుంది. టాండెం రెక్కల విమానంలో ఈ ఏర్పాటు ఉండదు. అందులో ఒకదాని వెనుక ఒకటిగా, ఇంచుమించు సమానమైన పరిమాణంలో రెండు రెక్కలుంటాయి. రెండూ గాలి నుంచి లిఫ్ట్‌ను, అంటే విమానాన్ని పైకెత్తే బలాన్ని, పుట్టిస్తాయి. రెండూ బరువు మోస్తాయి. ఇంటి షెడ్డులో సొంత చేతులతో విమానం కట్టుకోవాలనుకునే ఔత్సాహికులను ఈ రూపం తొంభై ఏళ్లుగా ఆకర్షిస్తూనే ఉన్నది. దానితో సరుకులు కూడా మోయించాలన్న ఆలోచన వచ్చినప్పుడు ఆ ఆకర్షణ మరింత పెరుగుతుంది. అందుకు చెప్పే కారణాలలో కొన్ని బలమైనవే గాని, అన్నిటికంటె ఎక్కువగా వినిపించేది మాత్రం సగమే నిజం.

బలమైన కారణాలు ముందుగా చెప్పుకోవచ్చు. ఒకే పొడవైన రెక్కకు బదులు రెండు పొట్టి రెక్కలుంటే విమానం అడ్డంగా తక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, కారు షెడ్డుకు మించిన వసతి లేనివాడు కూడా దానిని కట్టుకోగలుగుతాడు. పొట్టి రెక్కకు లోపలి దూలం, అంటే రెక్క పొడవునా సాగి వంపు బలాన్ని తట్టుకునే స్పార్, తేలికగా సరిపోతుంది. వెనుక రెక్కే తోక పని కూడా చేస్తుంది కాబట్టి పొడవైన తోక అవసరం లేదు, రెండు రెక్కల నడుమ పెట్టె వంటి చదరపు గది ఒకటి సహజంగానే ఏర్పడుతుంది. ఇక సగం నిజమైన వాదం ఏమిటంటే, ముందొక రెక్క, వెనుకొక రెక్క ఆసరాగా ఉన్నాయి గనుక వాటి మధ్య సరుకును ఎక్కడ పెట్టినా చెల్లుతుందన్నది.

పల్లకీ మోసే బోయీల లెక్క ఈ వాదాన్ని పరీక్షించడానికి కొంతవరకు పనికివస్తుంది. బరువు ముందు బోయీకి దగ్గరగా ఉంటే అతనికి ఎక్కువ, వెనుక బోయీకి దగ్గరగా ఉంటే ఇతనికి ఎక్కువ. ఎటు జరిగినా ఇద్దరి మధ్య ఉన్నంతకాలం పల్లకీ నేలకొరగదు. రెక్కల విషయంలో ఇంతవరకే నిజం. బోయీలు గట్టి నేల మీద నడుస్తారు. రెక్కలు గాలి మీద నడుస్తాయి. ముందు రెక్క లిఫ్ట్ పుట్టించాలంటే గాలిని కిందికి తోయాలి, అలా కిందికి తోసిన గాలిలోనే వెనుక రెక్క పనిచేయాలి. ముందు బోయీ అడుగు వేసినచోటల్లా నేల కుంగిపోతూ, ఆ కుంగిన నేల మీదే వెనుక బోయీ నడవవలసి వస్తే ఎట్లా ఉంటుందో వెనుక రెక్క పరిస్థితి అది. ఇంగ్లీషు ఇంజినీర్లు డౌన్‌వాష్ అని పిలిచే ఈ కిందివాలు గాలి టాండెం విమానాల చరిత్రనంతటినీ నడిపించింది.

ఆ చరిత్ర రైట్ సోదరుల కంటె పాతది. అమెరికాలో శామ్యూల్ లాంగ్లీ నిర్మించిన ఆవిరి యంత్రపు నమూనా, మనిషి లేకుండా, 1896 మే నెలలో పోటోమాక్ నది మీద దాదాపు కిలోమీటరు దూరం ఎగిరింది. దానికి ముందొక జత, వెనుకొక జత రెక్కలుండేవి. మనిషిని కూర్చోబెట్టి 1903లో చేసిన రెండు ప్రయత్నాలూ నదిలోనే ముగిశాయి. ఇంగ్లండులోని ఇట్‌ఫర్డ్ కొండ మీద 1922లో జరిగిన గ్లైడర్ల పోటీలో, లూయీ పేరే రూపొందించిన టాండెం గ్లైడర్‌తో అలెక్సిస్ మనెరోల్ మూడు గంటల ఇరవై నిమిషాలకు పైగా గాలిలో నిలిచి బహుమతి గెలుచుకున్నాడు. అయితే టాండెం రెక్కను ఇంటింటి వడ్రంగి బల్ల మీదికి తెచ్చినవాడు ఫ్రాన్సుకు చెందిన ఆన్రీ మిన్యే.

మిన్యే వైమానిక కర్మాగారాల మనిషి కాదు, స్వయంకృషితో నేర్చుకున్న ఔత్సాహికుడు. మామూలు విమానాన్ని నడపాలంటే ఒక చేత్తోనూ రెండు కాళ్లతోనూ వేరువేరు పనులు ఏకకాలంలో చేయాలి. మామూలు మనిషికి అది అనవసరమైన అడ్డంకి అని అతని అభిప్రాయం. అందుచేత 1933 సెప్టెంబరులో మొదటిసారి ఎగిరిన అతని హెచ్‌ఎం.14 విమానంలో కాలి మీటలు లేవు, రెక్కల చివర వాలును మార్చే పలకలూ లేవు. చేతికర్రను ముందుకూ వెనక్కూ ఆడిస్తే ముందు రెక్క మొత్తంగా తన ఇరుసు మీద వాలు మార్చుకుంటుంది, పక్కలకు ఆడిస్తే చుక్కాని తిరుగుతుంది, అంతే. పదిహేడు అశ్వశక్తుల చిన్న ఇంజిను, ఆరు మీటర్ల ముందు రెక్క, చెక్క, ప్లైవుడ్, గుడ్డ. ఫ్రెంచి వాళ్లు దానిని పూ దు సియెల్, అంటే ఆకాశపు పేను, అని పిలిచారు. తయారుచేసే విధానమంతా వివరిస్తూ మిన్యే 1934లో ప్రకటించిన పుస్తకం మరుసటి ఏడు ఇంగ్లీషులోకి వెళ్లింది. 1935 ఆగస్టులో అతను తన విమానంలో ఇంగ్లిష్ చానెల్ దాటి వెళ్లాడు. బ్రిటన్‌లో వందల షెడ్లలో రంపాలు కదిలాయి.

తరువాత జరిగినది ఇంటి విమానాల చరిత్రలో ఎక్కువసార్లు చెప్పుకోవలసిన భాగం. 1935, 36 సంవత్సరాలలో బ్రిటన్‌లోనూ ఫ్రాన్సులోనూ వరుసగా ప్రమాదాలు జరిగి మనుషులు చనిపోయారు. చాలా ప్రమాదాలలో తీరు ఒకటే: విమానం ముక్కు దించి కిందికి దిగుతూ, అట్లాగే మరింత నిటారుగా దూకుతూ నేలను ఢీకొన్నది. నడిపేవాళ్లకు నేర్పు చాలక అని కొందరు, చెక్క పని నాసిరకమని కొందరు అనుకున్నారు. చివరికి పూర్తి పరిమాణపు విమానాన్నే ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో ఇరవై నాలుగు అడుగుల గాలి సొరంగంలో నిలిపి పరీక్షించారు; ఫ్రాన్సులో షలే-మ్యూదాంలోనూ పరీక్షలు జరిగాయి. విమానం ముక్కు పదిహేను డిగ్రీలకు మించి కిందికి వాలితే, చేతికర్రను పూర్తిగా వెనక్కి లాగినా ముక్కును లేపడానికి చాలినంత బలం పుట్టడం లేదని ఫార్న్‌బరోలో తేలింది.

కారణం రెండు రెక్కలు మరీ దగ్గరగా ఉండడం. చేతికర్రను లాగినప్పుడు ముందు రెక్క వాలు పెరిగి, దాని వెనుక అంచు కిందికి దిగి, వెనుక రెక్క ముందు అంచుతో కలిసి ఒక సన్నని సందుగా మారుతుంది. ఆ సందులో గాలి వేగంగా సాగి వెనుక రెక్క లిఫ్ట్‌ను పెంచుతుంది. వెనుక భాగం పైకి లేస్తే ముక్కు ఇంకా కిందికి పోతుంది. అంటే పైలట్ ప్రాణరక్షణకు చేసిన పనే విమానాన్ని నేల వైపు తోసింది. దీనికి తోడు బ్రిటన్ ఔత్సాహికులు దొరికిన ఇంజినునల్లా బిగించారు. కారు ఇంజినును మార్చి చేసిన కార్డెన్-ఫోర్డ్ ఉండేది, మోటారు సైకిలు కోవకు చెందిన డగ్లస్ ఉండేది. ఒక్కొక్కదాని బరువు ఒక్కొక్క తీరు కాబట్టి, ఒకే నక్షా చూసి కట్టిన రెండు విమానాల గరిమనాభి, అంటే మొత్తం బరువు కేంద్రీకృతమైనట్లు లెక్కించే బిందువు, ఒకేచోట ఉండే అవకాశం తక్కువ. మిన్యే తరువాతి నమూనాలలో రెక్కల మధ్య ఎడం పెంచి, రెక్క అడ్డుకోత ఆకారాన్ని మార్చి ఈ లోపాన్ని దిద్దుకున్నాడు. 1934లో అతను ప్రకటించిన పుస్తకం పేరు మీదనే ఫ్రాన్సులో ఔత్సాహిక నిర్మాతల సంఘం వెలిసింది. ఆ కుదురు నుంచి వచ్చినవాడే ఎమిలియాన్ క్రోజ్.

క్రోజ్ మిన్యే పద్ధతిని, అంటే కదిలే ముందు రెక్కనూ కదలని వెనుక రెక్కనూ, అట్టే ఉంచి, 1960లలో క్రికె అనే ఇద్దరు పక్కపక్కన కూర్చునే విమానాన్నీ, తరువాతి దశకంలో పారా-కార్గో అనే మరికొంత పెద్ద విమానాన్నీ రూపొందించాడు. పేరులోనే ఉన్నట్లు ఇది పారాచూట్లతో దూకేవాళ్లనో సరుకునో మోయడానికి ఉద్దేశించినది. ఒంటరి పైలట్ కోసం పుట్టిన పద్ధతిని బరువులు మోసే పనికి మళ్లించడంలో ఉన్న సాహసం పైకి కనిపించేటంత చిన్నది కాదు. ఒక్కరే కూర్చునే విమానంలో గరిమనాభి కట్టిననాటి నుంచి ఇంచుమించు అక్కడే ఉంటుంది. ఇంధనం ఖర్చయ్యేకొద్దీ కొద్దిగా జరుగుతుంది. సరుకుల విమానంలో అది ప్రతి ప్రయాణానికీ మారుతుంది. చెక్కలో చేసిన తప్పు ఒకసారి దిద్దితే చాలు. తూకంలో చేసే తప్పుకు ప్రతి ఉదయం కొత్త అవకాశం దొరుకుతుంది.

బరువును వెనక్కి జరపడానికి టాండెం రెక్క నిజంగానే తోడ్పడుతుందని యుద్ధకాలపు ఉదాహరణ ఒకటి చెబుతుంది. బ్రిటన్‌లోని వెస్ట్‌లాండ్ సంస్థ లైసాండర్ విమానం తోక చివర నాలుగు తుపాకుల బురుజు పెట్టాలని చూసినప్పుడు, అంత బరువు అక్కడ నిలవాలంటే తోకకు మోసే శక్తి ఉండాలి కాబట్టి, ఫ్రెంచి రూపశిల్పి దెలాన్ ఆలోచనను అనుసరించి వెనుక పెద్ద రెక్క బిగించి 1941లో ఎగురవేశారు. అది ప్రయోగంగానే మిగిలిపోయింది. అయితే ఎంత దూరం జరపవచ్చన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు కాగితం మీద లెక్క వేసుకోనిదే రాదు.

ఊహకు ఒక విమానాన్ని తీసుకొని చూడవచ్చు. రెండు రెక్కలూ ఒకే వైశాల్యం, వాటి మధ్య దూరం రెండు మీటర్లు, పైలట్‌తోనూ ఇంధనంతోనూ కలిపి బరువు 600 కిలోలు, గరిమనాభి ముందు రెక్కకు 60 సెంటీమీటర్లు వెనుక. అప్పుడు ముందు రెక్క 420 కిలోలు, వెనుక రెక్క 180 కిలోలు మోస్తాయి. ఇప్పుడు ఒక గాలి కెరటం ముక్కును కొద్దిగా లేపిందనుకుంటే రెండు రెక్కల లిఫ్టూ పెరుగుతుంది. ఆ పెరిగిన భాగం మొత్తం మీద గరిమనాభికి వెనుక పనిచేస్తే ముక్కు తనంతట తాను దిగుతుంది, ముందు పనిచేస్తే ఇంకా లేస్తుంది. పెరిగిన లిఫ్ట్ పనిచేసే ఆ చోటును తటస్థ బిందువు అంటారు. గరిమనాభి ఎప్పుడూ దానికి ముందే ఉండాలన్నది స్థిరత్వానికి మూలసూత్రం. రెక్కలు రెండూ సమానం గనుక తటస్థ బిందువు సరిగ్గా మధ్యలో, 100 సెంటీమీటర్ల దగ్గర, ఉంటుందని తోచడం సహజం. ముందు రెక్క లిఫ్ట్ పెరిగితే కిందివాలు గాలి కూడా పెరుగుతుంది కాబట్టి, వెనుక రెక్కకు ఆ పెరుగుదల పూర్తిగా దక్కదు. మూడింట రెండు వంతులే దక్కుతుందనుకుంటే తటస్థ బిందువు 80 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేస్తుంది. ఉన్నదనుకున్న జాగాలో సగం ఇక్కడే పోయింది.

ఈ విమానంలో ముందు రెక్కకు 180 సెంటీమీటర్లు వెనుక, అంటే ఇంచుమించు వెనుక రెక్క దగ్గర, 60 కిలోల బస్తా పెడితే గరిమనాభి 71 సెంటీమీటర్లకు జరుగుతుంది. 100 కిలోలు పెడితే 77కు. రెండింటిలోనూ బరువు రెక్కల మధ్యనే ఉన్నది, బోయీల లెక్క ప్రకారం ఏ చిక్కూ లేదు, ముందు రెక్క మీది భారం కూడా పది కిలోలకు మించి పెరగలేదు. అయినా మొదట ఇరవై సెంటీమీటర్లున్న స్థిరత్వపు జాగా మూడుకు పడిపోయింది. ఇంధనపు తొట్టి ముందు భాగంలో ఉంటే, అది ఖాళీ అయ్యేకొద్దీ ఆ మూడూ కరిగిపోతాయి. బయలుదేరినప్పుడు బాగానే ఉన్న విమానం దిగేటప్పుడు చెప్పినమాట వినదు. వాదం సగమే నిజమన్నది ఇందుకు. రెండు రెక్కలు బరువును ఎక్కడ ఉన్నా మోయగలవు. ఎక్కడ ఉన్నా నిలకడగా మోయలేవు.

బరువు ముందుకు జరిగితే ముందు రెక్క మీద భారం పెరుగుతుంది, అది మరో చిక్కు. టాండెం విమానంలో ముందు రెక్క ఎప్పుడూ వెనుకదానికంటె ఎక్కువ వాలుతో, ఎక్కువ భారంతో పనిచేయాలి. వేగం తగ్గిపోయి లిఫ్ట్ తెగిపోయే పరిస్థితి, అంటే స్టాల్, ముందు దానికే రావాలి. అప్పుడు ముక్కు మెల్లగా దిగి, వేగం పుంజుకుని, విమానం మళ్లీ ఎగురుతుంది. వెనుక రెక్కకు ముందు వస్తే తోక కూలుతుంది. కాబట్టి విమానం క్షేమమంతా ముందు రెక్క ఆరోగ్యం మీద ఆధారపడి ఉన్నది. అమెరికాలో బర్ట్ రూటన్ ప్రమేయంతో 1977లో ఎగిరిన క్విక్కీ అనే చిన్న టాండెం విమానం ముందు రెక్కకు, గాలి నున్నగా పొరలు పొరలుగా సాగడం మీద ఆధారపడే ఆకారం వాడారు. వాన చినుకులు పడినా, పురుగులు అంటుకున్నా ఆ నునుపు చెడి లిఫ్ట్ తగ్గేది, ముక్కు వాలేది. ఆ కుటుంబపు విమానాలకు తరువాత వేరే ఆకారం ఎంచుకోవలసి వచ్చింది. వెలుపల కళ్లకు కనిపించనంత చిన్న గరుకు మోత లెక్కను మార్చగలిగినప్పుడు, రెక్క మీద రంగు వేసే పని కూడా అలంకారం కిందికి రాదు.

ఇక ఖర్చు సంగతి. లిఫ్ట్ పుట్టించినందుకు గాలి వసూలు చేసే నిరోధం రెక్క పొడవు తగ్గేకొద్దీ పెరుగుతుంది. ఒకే వెడల్పున్న రెండు పొట్టి రెక్కలను చివర్లు కలిపి ఒకే పొడవైన రెక్కగా చేస్తే ఎంత నిరోధం ఉంటుందో, వాటిని వెనుకా ముందూ పెట్టినప్పుడు కనీసం దానికి రెట్టింపు ఉంటుంది. వేగంగా పోయే తేలికైన విమానానికి ఇది పెద్ద లెక్క కాదు. నిండు బరువుతో నెమ్మదిగా పైకెక్కే సరుకుల విమానానికి మాత్రం సరిగ్గా ఇంజిను ముక్కుతూ మూలుగుతూ ఉన్న సమయంలోనే ఈ పన్ను పడుతుంది. షెడ్డులో కలిసివచ్చిన చోటుకు ఆకాశంలో చెల్లించే అద్దె ఇది. ఈ రూపాన్ని మెచ్చుకునేవాళ్లు దానిని అంతగా ప్రస్తావించరు.

చేతిపనిలో ఈ లెక్కలన్నీ ఎక్కడ కనిపిస్తాయన్నది చూస్తే, చూడవలసినవి రెండు చోట్లు. మొదటిది అతుకు. స్పార్‌కు పొడవు చాలక రెండు కర్రలను కలపవలసి వస్తే, ఒక పాలు మందానికి పది పన్నెండు పాళ్ల పొడవు వచ్చేటట్లు రెండు చివరలనూ ఏటవాలుగా చెక్కి, ఆ ఏటవాలు ముఖాలకు జిగురు పూసి బిగిస్తారు. అదే కలయికతో, అదే రోజు, అదే చలిలోనో ఉక్కలోనో చిన్న తునకలు కొన్ని అతికించి ఉంచి, ఆరిన తరువాత సుత్తితో విరగ్గొట్టి చూస్తారు. విరిగిన ముఖం నిండా చెక్క నార చీలి కనిపిస్తే అతుకు మంచిది. జిగురు పొర మెరుస్తూ శుభ్రంగా ఊడివస్తే, ఆ రోజు అతికించినవన్నీ అనుమానాస్పదమే. మిన్యే పద్ధతి విమానంలో ఈ జాగ్రత్త మరింత అవసరం, ఎందుకంటే అక్కడ భారంలో అధిక భాగం మోసే ముందు రెక్కే కదిలే రెక్క కూడా. దాని ఇరుసు, దానిని ఆడించే కడ్డీ విమానం భారాన్నీ పైలట్ చేతినీ కలిపే చోట ఉన్నాయి.

రెండవది తూకం. పూర్తయిన విమానాన్ని గాలి వీచని గదిలో, ఎగిరేటప్పుడు ఉండే భంగిమలో నిలిపి, పక్క దూలం మీద రసమట్టం పెట్టి సమంగా ఉన్నదో లేదో చూసుకుని, మూడు చక్రాల కింద మూడు త్రాసులు పెడతారు. ముందు రెక్క అంచు నుంచి తాడుకు కట్టిన గుండును నేలకు వేలాడదీసి, అది తాకినచోట సుద్దముక్కతో గీత గీస్తారు. అదే అన్ని కొలతలకూ మొదలు. ఒక్కొక్క చక్రం మీది బరువును గీత నుంచి దాని దూరంతో గుణించి, వచ్చినవన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే గరిమనాభి తేలుతుంది. ఐదో తరగతి గణితం చాలు. కానీ రంగు రెండో పూత, సీటుకు మెత్త, తలుపుకు ఇంకొంచెం బలమైన గొళ్లెం, ఇవన్నీ కలిసి నక్షాలో రాసిన ఖాళీ బరువును ఎప్పుడో దాటేసి ఉంటాయి. పైగా అవి ఎక్కువగా గరిమనాభికి వెనుకనే చేరుతాయి. ఆ మేరకు మోయగల సరుకు తగ్గిందని ఒప్పుకోవడానికి, ఏళ్ల తరబడి కష్టపడి కట్టినవాడికి మనసు రాదు.

చట్టం ఈ మోహానికి కొంత కళ్లెం వేసింది. అమెరికాలో ఎక్కువ భాగాన్ని ఔత్సాహికుడే తన విద్య కోసమో వినోదం కోసమో కట్టినప్పుడు విమానానికి ప్రయోగాత్మక ధ్రువపత్రం దొరుకుతుంది గాని, దానితో కిరాయికి మనుషులనుగాని సరుకునుగాని మోయకూడదు. ఇంట్లో కట్టిన సరుకుల విమానం యజమాని సొంత సరుకునే మోయాలి. రవాణా సంస్థలో తూచేవాడు, ఎక్కించేవాడు, నడిపేవాడు వేరువేరు మనుషులు, ఒకరి లెక్కను ఒకరు అడ్డుకోగలరు. ఇక్కడ ముగ్గురూ ఒక్కడే. అందుకే మొదటి ఇరవై ఐదో నలభయ్యో గంటలు, ఇంజినును బట్టి, జనావాసాలకు దూరంగా ఎగిరి పరీక్షించాలన్న నిబంధన ఉన్నది. ఆ గంటలలో ఇసుక బస్తాలు కొద్దికొద్దిగా పెంచుతూ, కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ ఎగిరి, ఎంతవరకు నిలకడ ఉన్నదో విమానం పుస్తకంలో రాసుకుంటారు.

పారా-కార్గో వంటి విమానానికి ఇసుక బస్తాలతో పని పూర్తికాదు. బస్తా పెట్టినచోటే ఉంటుంది. దూకబోయే మనిషి లేచి తలుపు దగ్గరికి నడుస్తాడు. 700 కిలోల విమానంలో ఎనభై కిలోల మనుషులిద్దరు అర మీటరు వెనక్కి జరిగితే గరిమనాభి పదకొండు సెంటీమీటర్లు జరుగుతుంది, అదీ దూకడానికి వీలుగా పైలట్ వేగం తగ్గించిన సమయంలో. ఈ నడకను తగ్గించాలంటే తలుపును గరిమనాభి దగ్గర, వెనుక రెక్కకు ముందు పెట్టాలి. అక్కడ పెడితే, కిందుగా ఉన్న వెనుక రెక్క దూకినవాడి దారికి అడ్డుగా నిలుస్తుంది. రెక్కకు వెనుక పెడితే దారి ఖాళీయే గాని, మనుషులు ఇంకో మీటరు తోక వైపు నడవాలి, ఒకేసారి ఇద్దరు లేవకుండా చూడాలి, మిగిలినవాళ్లను ముందు గోడకు ఆనుకుని కూర్చోబెట్టాలి. టాండెం రెక్కను ఎంచుకున్న రూపశిల్పి, రెక్కల మధ్య దూరం ఎంతో తేల్చుకునే ముందే, ఆ తలుపు ఎక్కడ కోయాలో తేల్చుకోవలసి ఉంటుంది.